పురుళ్ల కారుకు కొత్త సెన్సర్

ఆదివారం పొద్దున కారు లోపల తుడుస్తుంటే కోడలి వేలికి స్పీడు మీటరు పక్కన ఏదో అతుకు తగిలింది. గాయాలకు అంటించే ప్లాస్టర్ ముక్క. ఊడదీసి తాళం తిప్పి ఇంజిన్ వేసింది. దాని కింద, ఇంజిన్‌లో ఏదో లోపముందని చెప్పే నారింజ రంగు దీపం నిక్షేపంగా వెలుగుతోంది.

"అత్తయ్యా, ఇదెన్నాళ్ల నుంచి వెలుగుతోంది?"

తీగ మీద బట్టలారేస్తున్న అత్తగారు ఇటు తిరగలేదు. "ఏది?"

"మీరు ప్లాస్టర్ వేసిన పుండు."

"అదా. రెండు నెలలై ఉంటుంది."

అత్తగారు ముప్పై ఏళ్లు పురుళ్లు పోసిన నర్సు. ఏ వేళ పిలుపొచ్చినా ఆ కారేసుకునే వెళ్లేది. ఆసుపత్రి దాకా ఆగలేని ముగ్గురు పిల్లలు దాని వెనక సీట్లోనే భూమ్మీద పడ్డారు. అందుకే వీధిలో అందరూ దాన్ని పురుళ్ల కారు అనేవారు. ఇప్పుడు ఆవిడా ఇంటిపట్టునే ఉంటోంది, కారూ ముసలిదైంది. పొగ పరీక్షలో ఒకసారి తప్పింది. గురువారం మళ్లీ పరీక్ష. ఈసారీ తప్పితే తుక్కు కిందే లెక్క. లెక్కల మాస్టారైన కొడుకు మాత్రం ఎప్పటి నుంచో, "అమ్మేద్దామమ్మా" అంటూనే ఉన్నాడు.

"మెకానిక్ ఏమన్నాడు?" అని అడిగింది కోడలు.

"పొగగొట్టం మొత్తం మార్చాలన్నాడు."

"మూత తీసి చూశాడా?"

"బయట నిలబడి టీ తాగుతూ చూశాడు."

కోడలిది ఆసుపత్రిలో ఊపిరి పోసే యంత్రాలను బాగుచేసే ఉద్యోగం. ఆమె చేతులు పైకి మడిచి ఒక స్పార్క్ ప్లగ్గు విప్పింది. అది మసిబారి కాటుక పెట్టినట్టుంది. తన ఆసుపత్రి అంబులెన్స్ డ్రైవరు దగ్గర అడిగి తెచ్చిన, కారులో లోపం చదివే చిన్న స్కానరు తగిలిస్తే, అది పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ వైపు వేలు చూపించింది.

"అయితే దాన్ని మార్చెయ్" అంది అత్తగారు.

"తొందరొద్దు. ఏడుస్తున్నదెవరో ఇది చెబుతుంది కానీ, గిల్లిందెవరో చెప్పదు." కోడలు సెన్సర్ వైరుకు వోల్టు మీటరు పెట్టి ఇంజిన్ వేడెక్కనిచ్చింది. "పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో చూసి కారులోని కంప్యూటరుకు చెప్పడం దీని పని. ఎక్కువ మిగిలిందంటే, పెట్రోలు చాల్లేదనుకుని అది ఇంకాస్త పోస్తుంది."

"అంటే పాలు తాగి కూడా తాగలేదని ఏడ్చే బిడ్డన్నమాట."

"అంతే. తల్లి నమ్మి మళ్లీ పాలు పడుతుంది."

"ఎక్కువై కక్కుతుంది" అంటూ అత్తగారు గొట్టం చివర పేరుకున్న మసి వైపు చూసింది. ఆరేసిన బట్టలు పెట్రోలు కంపు ఎందుకు కొడుతున్నాయో ఆవిడకు అప్పుడర్థమైంది.

మీటరులో అంకె ఒక వోల్టుకు లోపల పైకీ కిందికీ ఊగుతూ ఉండాలి. అది పదో వంతు దగ్గర మొండికేసి కూర్చుంది. అయినా కోడలికి ఒక అనుమానం మిగిలింది. సెన్సర్‌కు ముందు గొట్టంలో ఎక్కడైనా చిల్లుంటే బయటి గాలి చొరబడి ఇలాగే చూపిస్తుంది. అప్పుడు తప్పు సెన్సర్‌ది కాదు.

ఆ మాట వినగానే అత్తగారు లోపలికి వెళ్లి తన స్టెతస్కోపు తెచ్చింది. కొసనున్న బిళ్ల పీకేసి, కొంగు బిగించి, ఇంజిన్ నడుస్తుండగానే ఉత్త గొట్టంతో అతుకు అతుకునా వింది. ఒకప్పుడు గర్భిణుల దగ్గర వంగినప్పటి లాగే కళ్లు మూసుకుంది.

"ఎక్కడా బుస్సుమనడం లేదు. గుండె మాత్రం గట్టిగానే ఉంది."

కోడలు ఇంజిన్ గాలి పీల్చే గొట్టంలోకి, పెట్రోలులా మండే క్లీనర్ కాస్త కొట్టింది. ఇంజిన్ గొంతు మారింది, వాసన ముక్కు బద్దలుకొట్టింది. సెన్సర్ బాగుంటే మీటరులో అంకె పైకి ఎగరాలి, అది మాత్రం కదల్లేదు.

"దొంగ దొరికాడు" అంది.

పాత సెన్సర్ నంబరు చూసుకుని, సరిగ్గా అదే రకం కొనుక్కొచ్చింది. కానీ పాతది తుప్పుపట్టి గొట్టానికి అతుక్కుపోయింది. కోడలు పానాకు ఇనుప గొట్టం తొడిగి ఒంటి బరువంతా మోపబోయింది.

"ఆగమ్మాయ్" అని భుజం పట్టుకుంది అత్తగారు. "రానన్నదాన్ని లాగితే చిరుగుతుంది. నూనె పోసి, కాస్త వేడి తగలనిచ్చి ఓపిక పట్టు. మా పనిలోనూ అంతే."

తుప్పు వదిలించే నూనె కొట్టి, ఇంజిన్ కాసేపు నడిపి ఆపేశారు. మెట్టు మీద పక్కపక్కన కూర్చున్నారు.

"ప్లాస్టర్ ఎందుకేశారత్తయ్యా?"

"దీపం చూస్తే నీ మొగుడు కారు అమ్మేదాకా ఊరుకోడు. కారు పోతే నన్నెక్కడికైనా ఎవరో ఒకరు దింపాలి. ఇన్నేళ్లూ అందర్నీ నేనే దింపాను. దింపమని అడగడం నాకు చేతకాదు."

"నాకైనా చెప్పాల్సింది."

"రోజంతా మిషన్లతో వేగి వస్తావు. ఇంట్లో కూడా ఎందుకులే అనుకున్నా."

"నేనీ ఇంటికొచ్చి రెండేళ్లయింది. మీరు నన్ను ఏ పనీ అడగరు. పరాయిదాన్ననుకుంటున్నారేమో అనుకున్నాను."

"పిచ్చిదానా" అంది అత్తగారు. కోడలి ముక్కు మీది మసిని తన కొంగుతోనే తుడిచింది.

ఈసారి పానా తిప్పితే సెన్సర్ కిర్రుమని కదిలింది. కొత్తదాని మరలకు మాత్రమే పేస్టు రాసి, కొనకు అంటకుండా చేత్తో ఎక్కించి, ఆ తర్వాత బిగించింది కోడలు. వైరు వేడి గొట్టానికి తగలకుండా కట్టింది. స్కానరులో పాత ఫిర్యాదు చెరిపి ఇంజిన్ వేస్తే, రెండు నిమిషాలకు అంకె ఊగడం మొదలైంది. అత్తగారు మీటరు ముందు నుంచి లేవనంది.

గురువారం పరీక్ష చేసే ఆయన పొగగొట్టంలో పరీక్ష గొట్టం పెట్టి యంత్రం తెర చూశాడు. తీసి మళ్లీ పెట్టాడు. "ఇంత పాత బండికి ఇంత తక్కువా?" అని గొణుక్కుంటూ కాగితం మీద ముద్ర వేశాడు.

తిరిగొచ్చేటప్పుడు అత్తగారు డ్రైవరు సీటు వైపు వెళ్లలేదు. "నువ్వు నడుపు" అంది. ఆ మాట ఆవిడ కన్నకొడుకుతో కూడా ఎన్నడూ అనలేదు. మొదటి మూడు మలుపుల దాకా, "బ్రేకు... గేరు తగ్గించు... ఆ సైకిలు చూడు" అంటూ ప్రాణం తీసింది. తర్వాత మాట వినబడకపోతే కోడలు పక్కకు చూసింది.

ఆవిడ తల కిటికీకి ఆనించి, నోరు కాస్త తెరుచుకుని, హాయిగా నిద్రపోతోంది.

ఇల్లు వచ్చింది. కోడలు ఆపలేదు. కుదుపు తగలకుండా నెమ్మదిగా గేరు మార్చి, ఇంకో వీధి చుట్టి రావడానికి ముందుకు పోనిచ్చింది.