మూలకు రాసిన పేరు

కామాటిపుర బడిలో తారాబాయి టీచర్ రోజూ గంట కొట్టకముందే తన గది తెరిచేది. నేల ఊడ్చి, తడిగుడ్డతో నల్లబల్ల తుడిచి, తేదీ వేసేది. హాజరు పిలిచాక, రాని పిల్లల పేర్లు బల్ల కింది మూలకు రాసేది. ఆ పిల్లలు వచ్చి ఎదురుగా నిలబడేదాకా ఆ పేర్లు తుడిచేది కాదు.

ఆమె బల్ల మీద రాసింది రాని పిల్లల అరచేతుల్లో తేలేది. ఆ పిల్లల కుటుంబాలుండే చాల్‌లో, ఆ వరస గదుల ఇళ్లలో, అందరికీ తెలిసిన సంగతే. బడి ఎగ్గొట్టి ఫోరస్ రోడ్డులో తిరిగిన పిల్లలు పిడికిళ్లు బిగించుకుని ఇల్లు చేరేవాళ్లు. "చెయ్యి చూపియ్" అని తల్లి అన్నదంటే ఇక దెబ్బలే.

సపనకు మాత్రం ఆ చెయ్యే బడి. ఆమె తండ్రి సైదులు మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన కూలీ. దీపావళి అయ్యాక ఊరికి దూరంగా విరార్ దగ్గర బిల్డింగు పని దొరికితే పెళ్లాం పిల్లలను అక్కడికే తీసుకుపోయాడు. భార్య నర్సమ్మ కూడా ఇటుకలు మోయాలి కాబట్టి చంటివాణ్ణి సపన ఎత్తుకోవాలి. అలా ఐదో తరగతి ఆగిపోయింది. సైదులు చెడ్డవాడు కాదు. కానీ ఆడపిల్ల చదువును వీలున్నప్పుడు తీసి, వీల్లేనప్పుడు పక్కన పెట్టే వస్తువు అనుకున్నాడు. అది తప్పు. పేదవాడు చేసినంత మాత్రాన తప్పు తప్పు కాకుండా పోదు.

తమ్ముడు నిద్రపోయినప్పుడు సపన అరచేయి చూసి పాఠాన్ని ఇసుకలో దిద్దుకునేది.

చలికాలం చివర్లో బడికి ఆర్డరు వచ్చింది. ఇకమీదట ఆన్‌లైన్ బోర్డు మీదే చెప్పాలి. గదిలో పెద్ద తెర, టీచర్ చేతిలో ట్యాబ్, రాని పిల్లల ఫోనుకు లింకు. పనివాళ్లు నల్లబల్ల పీకి పట్టుకుపోయారు. గోడ మీద మేకుల గుంతలు మిగిలాయి.

తారాబాయి వేలు పెడితే అక్షరం విరిగిపోయేది. ఒక్కోసారి పేజీ మొత్తం మాయమయ్యేది. పక్క గది టీచర్ శీతల్ చిన్నది, ఈ పనుల్లో చురుకు.

"హళూ, హళూ, మెల్లగ, బాయి. అంత గట్టిగ ఒత్తొద్దు. అది స్క్రీన్, రోలు కాదు."

"నేర్పు ముందు. నవ్వుడు తర్వాత."

అంతలో తారాబాయి ఫోను మోగింది. ఎవరిదో ఫోను అడుక్కుని సపన మాట్లాడింది. "టీచర్, నా చెయ్యి ఖాళీగుంటున్నది. నా పేరు తీసేసిండ్రా?"

"లేదు బిడ్డా. నాకే ఇంకా దీని మీద రాయనీకి వస్తలేదు."

ఆ రోజు తారాబాయి అన్నం డబ్బా మూత తీయలేదు. నేర్చుకోవడం ఆలస్యం చేస్తే నష్టపోయేది తాను కాదని ఆమెకు తెలుసు. బడి వదిలాక కూడా గదిలోనే కూర్చుని, అక్షరం నిలిచేదాకా దిద్దింది. తుడవడమూ నేర్చుకుంది.

"లింక్ ఎవరు తెరిస్తే, రాసింది వాళ్ల చేతికే పోతది, బాయి," అంది శీతల్. "సపన వాళ్లింట్ల ఫోన్ ఎవరి దగ్గరుంటది?"

"ఉన్నది ఒక్కటే. సైదులు జేబుల ఉంటది."

"మరి?"

"మరేముంది, పంపు."

స్లాబు మీద ఉన్న సైదులు, ఫోను మోగుతుంటే నోరు మూయించడానికి ఎక్కడో నొక్కాడు; లింకు తెరుచుకుంది. తిండికి కూర్చున్నప్పుడు చూసుకుంటే అరచేతి నిండా పాఠం. ఇసుకతో రుద్దాడు. కిరసనాయిలు పూశాడు. పోలేదు.

"ఏం సైదులన్నా, బడిల చేరినవా?" అన్నాడు తోటి కూలీ గణేష్. "పాసైతే పేడా మిఠాయి పంచాలె మరి."

పొద్దుగూకాక రేకుల గుడిసె ముందు కూతురికి చెయ్యి చాపాడు. "ఇదేందో చూడు."

సపన ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, అన్నం చల్లారేదాకా చదివింది. అప్పటినుంచి రోజూ అంతే. పాఠం మారేది. మణికట్టు దగ్గర ఒక్క మాట మాత్రం మారేది కాదు.

"ఇది పోనే పోతలేదు. ఏంది?"

సపన ఆ అక్షరాల మీద వేలు పెట్టింది. "నా పేరు."

"నా చేతుల నీ పేరెందుకు?"

"బడికి రానోళ్ల పేర్లు టీచర్ మూలకు రాస్తది. వచ్చేదాక తుడ్వదు."

మర్నాడు సైదులు పనికెక్కాడు. ఇటుక ఎత్తితే ఆ పేరు. ముద్ద కలిపితే ఆ పేరు. ఎవరూ దిద్దించకుండానే, అక్షరం రాని అతనికి దాన్ని పోల్చుకోవడం వచ్చేసింది.

ఒక సోమవారం అతను కామాటిపుర పక్కన గ్రాంట్ రోడ్ స్టేషనులో రైలు దిగాడు. వెనక సపన, ఆమె చంకలో తమ్ముడు. తిన్నగా గది గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"పిల్ల చాల్‌ల మా చిన్నమ్మ గంగాబాయి దగ్గరుంటది, టీచరమ్మా. పిలగాణ్ణి కూడ చూస్తనన్నది. ఎన్ని దినాలు చూస్తదో తెల్వది."

"చూడలేని దినం ఇక్కడికే తీసుకురమ్మను. గోడకు కూసుంటడు."

సపన వెళ్లి తన చోట కూర్చుంది. తారాబాయి ట్యాబ్ అందుకుంది.

"టీచరమ్మా," అన్నాడు సైదులు మెల్లగా. "ఆ పేరు ఉండనియ్యరాదు? నాకు చదవొచ్చేది అదొక్కటే."

"రానోళ్ల జాగల వచ్చినోళ్ల పేరు ఉండొద్దు, సైదులు."

తుడిచేసింది. మణికట్టు దగ్గర సిమెంటు పగుళ్లు మిగిలాయి. సైదులు తల వంచుకున్నాడు.

తారాబాయి అదే పేరును బోర్డు నడిమధ్యన పెద్ద అక్షరాలతో రాసి, పిల్లలందరితో చదివించింది.

సైదులు చెయ్యి చూసుకున్నాడు; అరచేతి నడుమ అదే పేరు. తర్వాత పిడికిలి బిగించుకుని స్టేషను వైపు నడిచాడు.