తండ్రి పురుడు

ఐసు ఫ్యాక్టరీలో మూడో లారీకి దిమ్మలు ఎక్కిస్తుండగా పల్లంరాజు చేతిలో కొక్కెం జారింది. దిమ్మ వచ్చి కాలి పక్కనే పడి రెండు ముక్కలైంది. కాలు పోలేదు, అదృష్టం. మూడు రోజులుగా కంటిమీద కునుకు లేనివాణ్ణి మనిషికి రెండింతల బరువున్న దిమ్మ లాగమంటే ఇంకేమవుతుంది?

బుధవారం పొద్దున్న సర్కారు ఆసుపత్రిలో అతని భార్య లోవలక్ష్మికి పెద్దాపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు. పిల్లకి పచ్చకామెర్లని వేరే గదిలో లైటు కింద పెట్టారు. పాలివ్వాలంటే రెండు గంటలకోసారి లోవలక్ష్మి కుట్లు పట్టుకుని అక్కడిదాకా నడవాలి. చెయ్యి పట్టుకుని నడిపించడానికి తల్లి లేదు, అత్త లేదు. ఇద్దరూ ఎప్పుడో పోయారు. పక్కింటి అప్పాయమ్మ చేపల బుట్ట మానుకుని రెండు రోజులు కూర్చుంది. ఆవిడ మాత్రం ఎన్నాళ్ళు మానుకుంటుంది? ఇవాళ శుక్రవారం, పొద్దెక్కాక ఉండలేనని చెప్పేసింది.

పల్లంరాజు ఆఫీసు గదిలోకి వెళ్ళి మేనేజరు రమేష్ బాబు బల్లమీద కాగితం పెట్టాడు. ‘మా ఇంట పురుడు వచ్చినందున పదకొండు రోజులు సెలవు ఇప్పించగలరు’ అని రాసుంది. అంతకంటే మంచి మాట అతనికి తోచలేదు. పురుడంటే ఇంటిపేరు వాళ్ళందరికీ వచ్చేదే కదా.

రమేష్ బాబు నవ్వాడు.

“కన్నది నువ్వా, మీ ఆవిడా? నీకు పురుడేంటయ్యా?”

“ఆవిడేనండి. చూసేవోళ్ళు ఎవరూ లేరండి. మగోళ్ళకీ సెలవుంటదంట కదండీ?”

“అది గవర్నమెంటు ఉద్యోగస్తులకి. మా అల్లుడు మాస్టారు. పదిహేను రోజులు జీతంతో ఇంట్లో ఉన్నాడు. ప్రైవేటుకి ఆ చట్టం లేదు.”

“జీతం వద్దండి. సెలవు చాలండి.”

“భీమవరంలో రొయ్య పట్టుబడి జోరుగా ఉండి ఐసుకి లారీలు వరసకట్టినప్పుడు పదకొండు రోజులా? వెళ్ళు, వెళ్ళు.”

మాస్టారి బిడ్డకొక రకంగా, ఐసు లాగేవాడి బిడ్డకొక రకంగా తండ్రి అవసరం ఉంటుందని ఏ పుస్తకంలో రాశారో మరి. పల్లంరాజు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కోపం తెచ్చుకోవడానికి కూడా అతనికి ఓపిక లేదు.

పదిన్నరకి పూజ. ఫ్యాక్టరీకి కొత్త కంప్రెసర్ వచ్చింది. దానికి బొట్లు పెట్టి, దండ వేసి, గుమ్మానికి పసుపు రాశారు. పనివాళ్ళందరితో పాటు పల్లంరాజు కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. హారతి పళ్ళెంతో వస్తున్న రమేష్ బాబు అతన్ని చూసి గభాల్న వెనక్కి తగ్గాడు.

“ఆగాగు! నీకు పురుడు కదా! మైలతో పూజలోకి వచ్చేస్తావేంటి? గుమ్మం అవతల నిలబడు. పదకొండో రోజు స్నానం అయ్యేదాకా దేవుడి దగ్గరికి రాకూడదని తెలీదూ?”

“ఆయ్,” అని పల్లంరాజు గుమ్మం దిగాడు.

ఇందాక లేని పురుడు ఇప్పుడెలా వచ్చిందో అతనికి బోధపడటానికి కాసేపు పట్టింది. లోపల గంట మోగుతోంది. ఇంతలో ఫోను కూడా మోగింది. అప్పాయమ్మ.

“ఒరే రాజూ, నేను ఎల్తన్నాన్రా. పిల్ల ఏడుత్తందని మీ ఆవిడ ఒక్కత్తే లేవబోయి మంచం పట్టుకుని ఉండిపోయింది. కుట్టు కాడ తడి కనపడతంది. బేగా రా.”

లోపల కొబ్బరికాయ కొట్టారు. అందరికీ పులిహోర పంచారు. అది గుమ్మం దాటి రాలేదు. బయట నాలుగో లారీ హారన్ కొట్టింది.

“పల్లంరాజూ! పూజ అయిపోయిందిగా, ఇంక రా. లోడు ఎక్కించు,” అన్నాడు రమేష్ బాబు.

పల్లంరాజు కొక్కెం తీసుకొచ్చి పసుపు గుమ్మం మీద పెట్టాడు.

“నాకు మైలండి. పూజకి అంటిన మైల ఐసుకి అంటదాండీ? పదకొండో రోజు తానం చేసి వత్తాను.”

“ఈ గేటు దాటితే మళ్ళీ రానక్కర్లేదు!”

అతను ఆగలేదు. ఆసుపత్రి వైపు పోయే ఆటోకి చెయ్యెత్తుతూ రోడ్డెక్కాడు.

“బుల్లిరాజూ, నువ్వు తియ్యి ఆ కొక్కెం,” అన్నాడు రమేష్ బాబు ఇంకో పనివాడితో.

ఐదేళ్ళ కిందట తనకి కొడుకు పుట్టిన రోజున కూడా సెలవు దొరక్క ఇదే గుమ్మంలో సాయంత్రందాకా లోడెత్తినవాడు బుల్లిరాజు. పులిహోర ఆకు పక్కన పెట్టి కొక్కెం వంక చూశాడు.

“మైల కొక్కెం కదండీ. నేనెలా ముట్టుకుంటానండి?”

లారీ మళ్ళీ హారన్ కొట్టింది. బయటికి తీసిన దిమ్మలు కరిగి నీళ్ళు గుమ్మందాకా వచ్చాయి. కొక్కెం కోసం ఎవరూ వంగలేదు.