పిడి కింద వేలిముద్ర

మన్ను పిసికేటప్పుడు తలుపు తెరిచి ఉండొచ్చు. కుండలు చేసే సారె ముందు కూర్చునేటప్పుడు మాత్రం గడియ పెట్టుకోవాలి. అది మా అత్త నాగక్క పెట్టిన కట్టడి. “మన ఇండ్లల్లో ఆడది సారె ముట్టదు మే. ముట్టినా ఊరికి తెలీకూడదు” అంది, మూడేళ్ళ కింద, మా ఆయన అనంతకుమార్ చేతులు వణకడం మొదలైనప్పుడు. ఆయన అత్తిముగం దగ్గర కుండల షెడ్డు పెట్టిన ఇంగ్లీషు దొరసాని దగ్గర ఈ ఉప్పు బట్టీ పని నేర్చుకున్నాడు. ఆమె తన దేశానికి వెళ్ళిపోతూ బట్టీని మాకు వదిలేసింది. ఆయన చేసేది చూసి చూసి నేను నేర్చుకున్నాను. ఇప్పుడు సారె మీద జగ్గు లేపేది నేను, పిడి సాగదీసి అతికించేది నేను. అడుగున తన పేరు అచ్చు గుద్దేది ఆయన. దానికి చెయ్యి వణికినా పరవాలేదు. ఎప్పుడైనా నేను అలసిపోయి గోడకు ఆనుకుంటే, “కూచోని చేసే పనికి గూడా నడుము నొప్పా?” అంటాడు.

మా సామాన్లు బెంగళూరులో అమ్మిపెట్టే శోభన ఫోన్ చేసింది. ఇంగ్లండులో మా మాదిరి ఉప్పు బట్టీలో కాల్చిన సామాన్ల ప్రదర్శనట. ఒక జగ్గు ఏరి పంపుతుందట. చేసినవాళ్ళ పేరూ ఫోటో దాని పక్కనే పెడతారట. ఆ పూట నేను కూరలో రెండుసార్లు ఉప్పు వేశాను.

ఆదివారం చల్లారిన బట్టీ విప్పేసరికి శోభన వచ్చింది. ఒక జగ్గు ఎత్తి ఎండకు తిప్పి చూసింది. మామూలు పూత మందంగా కప్పేస్తుంది. కాగే బట్టీలోకి వేసిన ఉప్పు ఆవిరై పట్టే మెరుపు అట్లా కాదు. పలుచగా పడి, మన్ను మీద ఏ గీత ఉన్నా చూపించేస్తుంది. పిడి అతికించి నొక్కిన చోట బొటనవేలి ముద్ర రేఖలతో సహా తేలి ఉంది.

“అనంతన్నా, ఇంత చిన్న వేలా మీది? ఏదీ, పెట్టండి.”

ఆయన ఆ ముద్ర మీద వేలు పెట్టాడు. పట్టలేదు. చెయ్యి చటుక్కున జేబులో దాచుకున్నాడు. శోభన నా చేతుల వైపు చూసింది.

“సుధామణీ, ఇది ఎవరు చేసినారు?”

వసారాలో అత్త చాట చప్పుడు ఆగింది. మా ఆయన నేల చూస్తున్నాడు. దూరదేశంలో ఒక అట్ట మీద నా పేరు ఎట్లా ఉంటుందో అనుకున్నాను. ఆ తర్వాత మళ్ళీ ఈ ఇంట్లోకే కదా అన్నం వండడానికి పోవాలి అని కూడా అనుకున్నాను. ఇంకా ఏదో అనుకునేలోపే నా నోరు మాట్లాడేసింది.

“ఆయనేమ్మా. మన్ను కాలితే కుదించుకుంటాది గదా. ఎనిమిదిట్లో ఒక పాలు తగ్గిపోతాది. వేలిముద్ర గూడా అంతే.”

“అవును గదా! నాకు తట్టనే లేదు” అని శోభన నవ్వి, జగ్గుతో ఆయనను నిలబెట్టి ఫోటో తీసింది. నీడ పడుతోందని నన్ను పక్కకు జరగమంది.

కారు పోయాక అత్త, “పరవాలేదు మే, తెలివి ఉండాది నీకు” అని మళ్ళీ చాట అందుకుంది.

అదే బట్టీలో కాలిన ఇంకో జగ్గు బల్ల మీద ఉంది. ఎవరూ చూడకుండా దాని పిడి కింద, నేను నొక్కిన ముద్ర మీదే, నా బొటనవేలు పెట్టాను.

నాదీ పట్టలేదు.