శనివారం రాత్రుల లెక్క

ఆసుపత్రి బట్టలుతికే గదిలో మిషను ఆగేసరికే మడతాయన చేతులు చాచి నిలుచున్నాడు. వేడివేడి దుప్పటి రెండు కొసలు తను పట్టుకుని, మిగతా రెండూ ఎదురుగా ఉన్న అక్కకి అందించాడు. ఇద్దరూ ఒక్కసారి విదిలించి, దగ్గరకొచ్చి, కొసలు కలిపి, మళ్లీ వెనక్కి నడిచారు. ఆవిరికి కందిపోయిన మోచేతులు, సోడాకి పగిలిన వేళ్లు, భుజాన ఎప్పుడూ ఒక పొడి తువ్వాలు. చెప్పుకోదగ్గ విద్య ఏదీ లేదు మనిషికి. అతను మడిచిన దుప్పటి మీద పడుకున్న రోగికి వీపు కింద ఒక్క ముడత తగలదు, అంతే. ఆ మాట ఏ రోగీ వచ్చి అతనితో చెప్పిపోలేదు.

“ఇవాళ గట్టిగా నిలబడు తమ్ముడూ,” అంది అక్క. వరసకి ఆవిడ అతనికేమీ కాదు. ఏళ్ల తరబడి అవతలి కొసలు పట్టుకుని అక్క అయింది. “పిల్లని అంత దూరం తీసుకెళ్తానంటే కుదరదని చెప్పు.”

“చెప్తానక్కా. అభ్యంతరం ఉందని ఒక్క మాటంటే చాలట.”

విడిపోయిన భార్యకు దూరపు ఊళ్లో ఇప్పటిదానికన్నా మంచి ఉద్యోగం దొరికింది. వాళ్ల కూతురు పిట్ట తల్లి దగ్గరే పెరుగుతోంది. శనివారం రాత్రి మాత్రం తండ్రి గదికి వచ్చి పడుకుంటుంది. మిగతా వారమంతా అతను ఆ రాత్రి కోసం బతుకుతాడంటే అబద్ధం కాదు. అతను ఒప్పుకుంటే తల్లీకూతుళ్లు సాయంత్రం బస్సెక్కుతారు, లేకపోతే కట్టిన సామాను విప్పుకోవాల్సిందే.

పిల్లల ఖర్చు లెక్కగట్టే ఆఫీసులో అతను, పిల్ల తల్లి, మధ్యలో ఒక ఖాళీ కుర్చీ. బల్ల అవతలి మేడం ఓపికగల మనిషి.

“ఇద్దరి జీతాలూ కలిపి, పాప ఖర్చులో ఎవరి వంతు ఎంతో చూస్తామండి. మీలాంటి చిన్న జీతగాళ్లకైతే, ముందు మీరు బతకడానికి కావాల్సింది పక్కన పెట్టి, మిగిలినదాంట్లోంచే తీసుకుంటాం. పాప మీ దగ్గర పడుకునే రాత్రులకి కొంత తగ్గిస్తాం. మీ కాగితంలో రాత్రులు సున్నా అని ఉందేంటి?”

“నేనే అలా రాయించానండి.”

“ఎందుకు?”

“నా కూతురు నా ఇంట్లో పడుకుంటే దానికి అద్దె పట్టుకుంటానా మేడం?”

తను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. ఆ తగ్గింపు వద్దనుకుని, నెలాఖరున టీ మానేసి, పనికి నడిచి వెళ్లి, మొత్తం సొమ్ము కట్టుకుంటూ వచ్చాడు. అడిగినవాళ్లకి డాక్టరు నడవమన్నాడని చెప్పేవాడు.

మేడం కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. “అయితే చిక్కే. అభ్యంతరం చెప్పాలంటే పాప మీ దగ్గర ఉంటున్నట్టు ఉండాలి. దీని ప్రకారం ఒక్క రాత్రి కూడా లేదు.”

గొప్పకి పోయి తన గోతి తనే తవ్వుకున్నాడు. పిల్ల తల్లి ఆ ఒక్క నిమిషం ఊరుకుని ఉంటే చాలు, ఉద్యోగం, ఊరు, పిల్ల, అన్నీ ఆమెవే.

“పడుకుంటోందండి,” అంది ఆమె. “ప్రతి శనివారం. జ్వరం వచ్చిన వారం కూడా నాన్న దగ్గరే అని మంకుపట్టు పట్టింది. రాసుకోండి.”

మేడం రాసుకుంది. “అయితే మీరు అడ్డు చెప్పొచ్చు. ఇన్నాళ్లూ ఎక్కువ కట్టింది కూడా వెనక్కి అడగొచ్చు.”

అక్క నేర్పిన మాట నాలిక చివరనే ఉంది. కానీ అతని చూపు పిల్ల తల్లి కాళ్ల మీద పడింది. బట్టల దుకాణంలో పొద్దస్తమానం నిలబడి, పిక్కల మీద నరాలు తాళ్లలా ఉబ్బాయి. కొత్తది కూర్చుని చేసే పని. అతనికి ఏడుపొచ్చింది. తువ్వాలుతో మొహం తుడుచుకుని, నేరం చెమట మీదికి నెట్టాడు.

“అడ్డేం లేదండి. కట్టింది పరాయివాళ్లకా వెనక్కి అడగడానికి? ఇకమీదట మీ లెక్క ప్రకారమే కడతాను. మిగిలింది బస్సు ఛార్జీలకి కావాలి.”

తల్లి జీతం పెరగబోతోంది కాబట్టి అతని వంతు తగ్గింది. రాత్రుల గడిలో మాత్రం ఈసారి నిజంగానే సున్నా పడింది.

“నువ్వు వద్దంటావనుకున్నాను,” అంది ఆమె మెట్లు దిగుతూ.

“నువ్వు చెప్పవనుకున్నాను,” అన్నాడు.

సాయంత్రం సామాను ఎక్కించేదాకా పిట్టని అతని గదిలో దింపారు. మంచం మీద కాళ్లాడిస్తూ జామ్ రాసిన రొట్టె తింటోంది.

“నాన్నా, నువ్వు గురక పెట్టకపోతే నాకు నిద్ర పట్టదు.”

“సెలవుల్లో వస్తావుగా. అన్నాళ్ల గురకా దాచి ఉంచుతాలే.”

పిట్ట కిలకిలా నవ్వింది. ఇంతలో వీధిలో, బస్టాండుకి వెళ్లే ఆటో హారన్ మోగింది. సంచీ అతను మోశాడు, పిట్ట అతని వేలు పట్టుకుంది. బండి మలుపు తిరిగేదాకా నిలబడి, గదికి వచ్చి లైటు వేశాడు. అక్కకి ఏం చెప్పాలో ఆలోచించాడు గానీ తోచలేదు.

మంచం మీద పళ్లెంలో సగం తిన్న రొట్టె ఉంది. కొరికిన అంచున, పిట్ట నోట్లో ముందుపన్ను లేని చోటికి సరిగ్గా, చిన్న ముక్క తెగకుండా మిగిలింది.