సోమవారం ఒత్తులు

తెల్లవారుజామున ఐదింటికి, చర్చి ముందు వేపకొమ్మకు వేలాడే రైలు పట్టా ముక్కను ఏసన్న సరిగ్గా పన్నెండుసార్లు కొడతాడు. పన్నెండే ఎందుకంటే అపొస్తలులు పన్నెండుమంది కదా అంటాడు. వాళ్లలో యూదా కూడా ఉన్నాడు కదా అని ఎవరో ఆటపట్టిస్తే, "వానికీ ఒకటి కొట్టల్ల కదప్పా, అందరికన్నా ముందు లేయాల్సినోడు వాడే" అన్నాడట.

ఈ సోమవారం మాత్రం ఏడో దెబ్బకు ఆగిపోయాడు. కడ్డీని చెట్టుకు ఆనించి, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, గాలి కోసం నోరు తెరిచాడు. ముప్పై ఏళ్లుగా ఆదోని జిన్నింగు మిల్లులో దూది దుమ్ము పీల్చిన మనిషికి దగ్గు కొత్త కాదు. ఈ మధ్య దగ్గడానికి కూడా ఊపిరి చాలడం లేదు. కాసేపాగి మిగతా ఐదూ కొట్టి, కడ్డీని మళ్లీ చర్చి లోపల పెట్టి, తలుపుకు తాళం వేశాడు.

వినడానికి ఎవరున్నారని ఆ గంట? నిజానికి పెద్దగా ఎవరూ లేరు. కౌతాళం దారిలో కాలువ చివరనున్న ఊరది. ఈ ఏడు కాలువలో నీళ్లు అక్కడిదాకా రాలేదు, పత్తి మోకాలెత్తున ఎండిపోయింది. క్రిస్మస్ అయిన వారానికే జనం పిల్లాజెల్లాతో లారీలెక్కి సుగ్గికి వెళ్లిపోయారు. సుగ్గి అంటే గుంటూరు వైపు మిరపకాయలు కోసే పని. మళ్లీ ఉగాదికే రావడం. ఊళ్లో మిగిలింది ముసలివాళ్లూ, కుక్కలూ, తాళాలూ.

ఆ తాళాల చెవులన్నీ ఏసన్న నడుముకు వేలాడే ఇనుప రింగుకు ఉన్నాయి. బీరువా ఉన్నవాళ్లూ ఆయనకే ఇచ్చి వెళ్లారు, బొక్కెన తప్ప ఏమీ లేనివాళ్లూ ఆయనకే ఇచ్చి వెళ్లారు. ఆయనలో ఏం చూసి ఇచ్చారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. చదువు రాదు, మాట తక్కువ, నిలబెడితే పొట్టిగా, ఎండిన చింతబరికెలా ఉంటాడు. అక్షరాలు రావు కాబట్టి ఏ చెవి ఏ ఇంటిదో తెలియడానికి ఒక్కోదానికి ఆ ఇంటి గుడ్డముక్క కట్టుకున్నాడు. సంఘపెద్ద దేవరాజు ఇంటిది ఎర్ర తువ్వాలు ముక్క. చర్చిది పాత బల్లగుడ్డ అంచు, తెల్లది. పక్కింటి తిమ్మక్కది ఆకుపచ్చది. లారీ ఎక్కేముందు ఆమే తన చీరకొంగు చింపి కట్టిచ్చింది.

గంట కొట్టాక మెట్టు మీద కూర్చుని ఒక్కో చెవినీ పట్టుకుని ప్రార్థన చేస్తాడు. "ప్రభువా, ఇది దేవరాజోళ్లది. వాని సేతులకు మిరప మంట తగలకుండా సూడు. ఇది లక్ష్మీనారాయణది. వాని పాపకు జరమని సెప్పినారు, సూడు." చర్చికి వచ్చే ఇల్లా, రాని ఇల్లా అన్న తేడా ఆ రింగులో లేదు. అన్నీ కలిసే గలగలమంటాయి.

ఆకుపచ్చ గుడ్డ దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా పాస్టరు శేఖర్ నిలబడి ఉన్నాడు. నంద్యాల వైపు మనిషి, ముప్పై దాటలేదు, ఈ ఊరికి వచ్చి ఏడాది. చర్చి వెనక గదిలో ఉంటాడు. చెడ్డవాడేమీ కాదు. చలికి చేతులు కట్టుకుని, చెప్పలేక చెప్పాడు.

"ఏసన్నా, దేవరాజన్న గుంటూరు నుంచి మళ్లీ ఫోన్ చేశాడు."

ఏసన్న లేచి నిలబడ్డాడు. ఊరు ఖాళీ అయినా ఊరి మాటలు మాత్రం ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి.

"సోమవారం సోమవారం నువ్వు తిమ్మక్క ఇంట్లో దేవుడి పటానికి దీపం పెడుతున్నావంట. అవునా?"

"అవును అయ్యగారూ. ఇంట్లో ముసలామె ఉన్నన్నాళ్లూ ఆమె పెడతాండె. పోయినేడు ఆమె సచ్చిపోయ. సుగ్గికి పొయ్యేటప్పుడు తిమ్మక్క ఏడ్సింది, ఈసారి ఈరన్నసామి సీకట్లో ఉంటాడన్నా అని. నేను పెడతాలే పోయిరాపో అన్నా."

"గంట కొట్టే చెయ్యి అది. అదే చేత్తో దీపం పెడితే సంఘానికి నేనేం చెప్పాలి?" పాస్టరు గొంతు తగ్గించాడు. "అసలు లోపలికెళ్లి ఏం చేస్తావు నువ్వు?"

"దీపం పెడతా."

"తర్వాత?"

"తర్వాత కూసుంటా."

శేఖర్‌కు ఆ మాట అర్థం కాలేదు. "ఈ రోజుతో మానెయ్. మానలేనంటే చర్చి తాళంచెవి నాకిచ్చెయ్. రేపటి నుంచి గంట నేనే కొట్టుకుంటా. ఆలోచించుకుని సాయంత్రానికి చెప్పు."

ఏసన్నకు కోపం రాలేదు, భయమేసింది. ఇరవై రెండేళ్లుగా ఆ తెల్లగుడ్డ చెవి ఆయన నడుముకే ఉంది. కరోనా ఏడాది భార్య దేవక్క పోయాక, పొద్దున్నే లేవడానికి ఆయనకు ఉన్న పనల్లా ఆ గంటే. అది కూడా లేకపోతే చాప మీద నుంచి ఎందుకు లేవాలి?

అయినా పనులు ఆగవు. ఇళ్లిళ్లకూ తిరిగి వాకిళ్లు ఊడ్చాడు. దేవరాజు కోళ్లకు నూకలు వేశాడు. తన మీద ఫిర్యాదు చేసినవాడి కోళ్లు కదా అని ఒక గింజ తగ్గించలేదు, ఒక గింజ పెంచనూ లేదు. ఏడున్నర ఆటోలో, డ్రైవరు పక్కన సగం కూర్చుని, ఆదోనికి వెళ్లిపోయాడు.

మిల్లులో ఆయన పని ఊడ్చడం. యంత్రాల కింద రాలిన పత్తిని కుప్పచేసి, చెత్త ఏరి, మంచిది మళ్లీ బుట్టకెత్తడం. పగలంతా గాలిలో దూది తేలుతుంటుంది. మధ్యాహ్నానికి కనుబొమలూ, చెవుల మీది వెంట్రుకలూ తెల్లబడిపోతాయి.

అన్నం వేళకు, మిల్లులోనే పనిచేసే హుసేనమ్మ వచ్చి పక్కన కూర్చుని జొన్నరొట్టె మూట విప్పింది. పీర్లకు మొక్కుకుంటే పుట్టిందని ఆమెకా పేరు పెట్టారు. నుదుటన రూపాయంత కుంకుమ, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక వెటకారం.

"ఏమప్పా ఏసన్నా, ఈపొద్దు సోమవారమే. మళ్లా కొవ్వొత్తి పెడతావా ఏమి?"

అది ఆమె ఎన్నిసార్లన్నా విడవదు. మొదటి సోమవారం ఏసన్న ఈరన్నస్వామి పటం ముందు నిజంగానే కొవ్వొత్తి వెలిగించి వచ్చాడు. దీపమంటే ఆయనకు తెలిసింది అదే. సమాధుల పండుగకు గోరీల మీద పెట్టేదీ, క్రిస్మస్‌కు చేత్తో పట్టుకునేదీ. మర్నాడు ఆ సంగతి చెబితే హుసేనమ్మ కడుపు పట్టుకుని నవ్వి, ఆ తర్వాత కళ్లు తుడుచుకుని, తొడ మీద దూది పెట్టి ఒత్తి చేయడం నేర్పింది. "ఒంటి ఒత్తి పెట్టగూడదు. రెండు కలిపి మెలెయ్యల్ల" అని గట్టిగా చెప్పింది. దూదికి మేస్త్రీని అడిగాడు ఏసన్న. ముప్పై ఏళ్లలో ఏమీ అడగని మనిషి పిడికెడు దూది అడిగేసరికి మేస్త్రీ బిత్తరపోయి, బుట్టెడు తీసుకోమన్నాడు. పిడికెడే తీసుకున్నాడు.

ఈ రోజు రొట్టె సగమే తిన్నాడు. దూదిలోంచి గింజ పొట్టు ఏరి, తొడ మీద ఒత్తులు చేయడం మొదలుపెట్టాడు. ఒక జత అయింది. రెండో జత మొదలుపెట్టాడు. మూడోది.

"ఇన్ని ఏమిటికప్పా?"

"ఉగాదికి ఇంకెన్ని సోమవారాలుండాయి?"

హుసేనమ్మ వేళ్లు మడిచింది. "ఈపొద్దుది కాక ఆరు."

"మొత్తం సేసి పెట్టుకుంటా. ఎప్పుడెట్లుంటాదో."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. పెదవుల చుట్టూ రంగు లేదు. "ఎమ్మిగనూరుకు పోరాదా, నీ కూతురు సునీత రమ్మంటాంది కదా? ఆస్పత్రికన్నా సూపిస్తాది."

"బీగాలు ఎవరు సూస్తారు?"

"ఒగటి అడుగుతా, సెప్పు. మీ దేవుడు ఒప్పుకోడని నీకూ తెలుసు. మరి తిమ్మక్కకు మాటెందుకిచ్చినావు?"

ఏసన్న ఒత్తిని రెండు వేళ్ల మధ్య మెలేశాడు. "ఇచ్చినాలే" అన్నాడు. ఒత్తులన్నీ ఒక రేకు డబ్బాలో సర్దాడు. దేవక్క బతికున్నప్పుడు వక్కాకు పెట్టుకున్న డబ్బా అది. మూత తీస్తే ఇప్పటికీ సున్నం వాసన.

పొద్దు గుంకేవేళకు ఊరు చేరాడు. ఆటో దిగిన చోటు నుంచి ఇంటికి రెండుసార్లు కూర్చుని నడిచాడు. కాళ్లూ చేతులూ కడుక్కుని తిమ్మక్క ఇంటి తాళం తీశాడు.

ఎదురింటి గోడ పక్కన పాస్టరు శేఖర్ నిలబడి ఉన్నాడని ఆయనకు తెలియదు. పట్టుకుందామని వచ్చాడా, తెలుసుకుందామని వచ్చాడా అంటే శేఖర్‌కే సరిగ్గా తెలియదు. 'తర్వాత కూసుంటా' అన్న మాట పొద్దుటి నుంచీ ఆయన్ని తొలుస్తోంది. తలుపు తీసే ఉండడంతో లోపలిదంతా కనబడుతోంది.

ఏసన్న ప్రమిదను పాతగుడ్డతో తుడిచాడు. నూనె పోశాడు. జత ఒత్తులు మెలేసి పెట్టి, అగ్గిపుల్ల గీశాడు. గాలి తగలకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, మంట నిలిచేదాకా చూశాడు. దండం పెట్టలేదు. వెనక్కి తిరిగి, పటానికి వీపు పెట్టి, గడప దగ్గర మోకాళ్ల మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

"ప్రభువా, ఇది తిమ్మక్కోళ్ల ఇల్లు. ఆయమ్మ మోకాళ్లు మంచిగ సెయ్యి. ఆయమ్మ మొగుడు లక్ష్మప్ప తాగకుండా సూడు." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "దేవక్క పోయిన ఏడు సమాధుల పండగనాడు నేను జరంతో లేయలేకపోతి. మనోళ్లు ఎవరూ గోరీ కాడికి పోల్యా, రోగం అంటాదని. తిమ్మక్క పోయి కొవ్వొత్తి పెట్టొచ్చింది. ఎట్ల పెట్టల్లో తెలీక కుంకుమ బొట్టు గూడా పెట్టింది. ఆ పొద్దు నువ్వు ఆయమ్మ మీద కోపం సేసుకోలేదు కదా. నా మీద గూడా సేసుకోవద్దు. సేసుకుంటే నా మీదనే సేసుకో, ఆ ఇంటి మీద వద్దు."

శేఖర్ అక్కడ ఇంక నిలబడలేకపోయాడు. బైబిలు కళాశాలలో మూడేళ్లు చదివిన వాక్యాలేవీ అప్పుడు నోటికి రాలేదు. సిగ్గేసింది. పిలిచి మాట్లాడదామనుకున్నాడు, కాని చాటుగా విన్నానని ఎలా చెప్పడం? తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో అని పొద్దున గంట దగ్గర చెబుతాలే అనుకుని వెనక సందులోంచి పాఠశాల వైపు వెళ్లిపోయాడు. కాసేపు అటే తిరిగి, గదికి వచ్చి పడుకున్నాడు.

మర్నాడు ఐదింటికి గంట మోగలేదు. ఐదుంబావుకు కూడా మోగలేదు. శేఖర్ లేచి కిటికీ తీశాడు. కిటికీ అంచు మీద తెల్లగుడ్డ కట్టిన చర్చి తాళంచెవి ఉంది. రింగు నుంచి విడదీసి, తను పాఠశాల వైపు వెళ్లిన ఆ కాస్త సమయంలోనే పెట్టి వెళ్లినట్టున్నాడు. దీపం మానలేనని ఏసన్న చెప్పిన జవాబు అది.

చెవి చేతబట్టుకుని చెప్పుల్లేకుండానే పరిగెత్తాడు. 'ఇది నీదే ఏసన్నా, నీదే' అన్న మాట నోట్లోనే ఉంది. ఏసన్న తలుపుకు గడియ లేదు. చాప మీద, గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. తలకింద మడిచిన తువ్వాలు, తువ్వాలు పక్కన తాళంచెవుల రింగు. మిల్లు దూది ఇంకా కనుబొమల్లో ఉంది. శేఖర్ భుజం మీద చెయ్యి వేశాడు. ఒళ్లు చల్లబడి చాలాసేపయింది.

ఆ రోజు గంట శేఖరే కొట్టాడు. పన్నెండు కొట్టాడో ఎక్కువ కొట్టాడో ఆయనకు గుర్తులేదు.

మంగళవారం సాయంత్రం దేవక్క పక్కనే పూడ్చారు. ఎమ్మిగనూరు నుంచి సునీత వచ్చింది, ఆదోని నుంచి హుసేనమ్మ వచ్చింది. గుంటూరు నుంచి దేవరాజు ఫోన్లో ఏదో చెప్పబోయి, చెప్పలేక, తన కోళ్ల గురించి అడిగి ఏడ్చాడు. తిమ్మక్క కూడా శేఖర్‌కు ఫోన్ చేసింది.

"దీపం వద్దులే సామీ. మా అన్ననే పోయినాక దీపమేమిటికి? బీగం మీ కాడ పెట్టుకోండి, సాలు."

సునీత వెళ్లేటప్పుడు తాళంచెవుల రింగూ, రేకు డబ్బా శేఖర్ చేతికిచ్చి వెళ్లింది. ఆ రాత్రే ఆయన చర్చి తాళంచెవిని మళ్లీ రింగుకు ఎక్కించాడు, ఆకుపచ్చ గుడ్డ పక్కనే.

మళ్లీ సోమవారం వచ్చింది. పొద్దు గుంకుతుండగా శేఖర్ తిమ్మక్క ఇంటి ముందు నిలబడి ఆకుపచ్చ గుడ్డ చెవి కోసం వెతికాడు. తలుపు తెరిచి లోపలికి వెళ్లాడు. రెండు ఒత్తులు కలిపి మెలెయ్యడం ఆయనకు చేతకాలేదు. మూడుసార్లు విప్పి మళ్లీ మెలేశాడు. అగ్గిపుల్లలు నాలుగు వృథా అయ్యాయి. చివరికి మంట నిలిచాక, ఏసన్న చేసినట్టే వెనక్కి తిరిగి గడప దగ్గర కూర్చున్నాడు. తిమ్మక్క మోకాళ్ల నుంచి మొదలుపెట్టాడు. పక్కనే నేల మీద దేవక్క వక్కాకు డబ్బా మూత తీసి ఉంది. అందులో ఇంకా ఐదు సోమవారాల ఒత్తులున్నాయి.