ఎవరూ పడుకోని మంచం

మా అమ్మ పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను ఎన్సినోలో ఒక ఇల్లు చూపిస్తున్నాను. ఇళ్ళు అమ్మిపెట్టడం నా వృత్తి. కొనడానికి వచ్చిన మొగుడూ పెళ్ళాలు పెరట్లో ఈతకొలను చూస్తుంటే వంటింట్లో ఫోన్ మోగింది.

"ఎల్డన్, నేను విన్నీని. మీ ఆఫీసువాళ్ళు ఈ నంబరిచ్చారు. మీ అమ్మ పొద్దున లేవలేదబ్బాయ్."

"డాక్టరు వచ్చాడా?"

"వచ్చి వెళ్ళాడు కూడా. నిద్రలోనే పోయిందన్నాడు."

"సరే, వస్తాను," అని ఫోన్ పెట్టేశాను. పెరట్లోకి వెళ్ళి, కొలనులో నీళ్ళు శుభ్రం చేసే యంత్రం ఎలా నడపాలో ఆ దంపతులకి చెప్పాను. స్నానాల గది చూపించాను. ఆ తరవాతే బయల్దేరాను. దారిలో ఏడుపొస్తే కారు పక్కకి తియ్యాల్సి వస్తుందేమో అనుకున్నాను. అలాంటిదేం జరగలేదు. నేను లాస్ ఫీలిజ్ కొండమీద అమ్మ ఇంటికి చేరేసరికి అమ్మని తీసుకెళ్ళిపోయారు.

అమ్మ సినిమా పేరు అడెలా థోర్న్. ఆ పేరు చెబితే పెద్దవాళ్ళు ఇప్పటికీ చేస్తున్న పని ఆపి నా మొహంలోకి చూస్తారు, పోలికల కోసం. పోలికలు లేవు. నాది మా నాన్న మొహం. ఆయన ఆమె రెండో భర్త. విడాకులప్పుడు పామ్ స్ప్రింగ్స్‌లో ఎడారి ఇంటిని ఆయన తీసుకున్నాడు, కొండమీది ఇంటినీ నన్నూ ఆమె తీసుకుంది. విన్నీ స్టూడియోలో అమ్మకి జుట్టు దువ్వే మనిషి. నేను పుట్టకముందే మా ఇంటికి మకాం మార్చింది, సినిమాలు తగ్గాక కూడా ఉండిపోయింది. వంటా ఆవిడే, తోడూ ఆవిడే, తలుపు దగ్గర అభిమానుల్ని తిట్టి పంపేదీ ఆవిడే.

అంత్యక్రియలకి నేననుకున్నదానికంటే ఎక్కువమందే వచ్చారు. ఎవరో ఒకాయన, అరవై దాటినవాడు, నన్ను వాటేసుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. "మా అమ్మ పోయినప్పుడు కూడా నేనింత ఏడవలేదు బాబూ," అన్నాడు. నేను ఆయన వీపు నిమిరాను, మంచినీళ్ళు తెప్పించాను. ఆయన కోటుకి నాఫ్తలీన్ వాసన. ఆరోజు నాకు బాగా గుర్తున్నది అదే.

ఇల్లు నాకొచ్చింది. అమ్మేద్దామనుకున్నాను. ఆఫీసులో మా భాగస్వామి గార్డ్‌నర్ మొహమాటపడుతూ, "అది అమ్మే పని నాకొదిలెయ్యరాదూ? తల్లి ఇల్లు కదా, నీకు కష్టంగా ఉంటుంది," అన్నాడు.

"నాకేం కష్టం లేదు," అన్నాను. అది నిజం కూడా.

ఆ ఇంట్లో నేనున్నది తక్కువే. తొమ్మిదో ఏడు వచ్చాక ఓహాయ్‌లో హాస్టల్ బళ్ళో వేశారు. అంతకుముందు సంగతుల్లో ఒకటి మాత్రం కళ్ళకి కట్టినట్టుంటుంది. నడి వేసవిలో ఒక పత్రికవాళ్ళు వచ్చారు, డిసెంబరు సంచిక కోసం. హాల్లో క్రిస్మస్ చెట్టు నిలబెట్టారు, కిటికీ అద్దాలకి దూది అంటించారు, నాకు ఉన్ని స్వెటర్ తొడిగారు. చెట్టు కింద రంగు కాగితాలు చుట్టిన పెట్టెలు. నేను ఒకటి విప్పాను. లోపలేం లేదు. ఫొటోగ్రాఫరు, "మళ్ళీ చూడు బాబూ, ఈసారి నవ్వుతూ చూడు," అన్నాడు. నవ్వుతూ చూశాను. అమ్మ వెనకనించి నా భుజాలు పట్టుకుని, "వీడు నాకంటే నయం, రెండో టేకుకే చేసేశాడు," అంది. ఆ ఫొటో చాలామంది దాచుకున్నారట. ఆమె నన్ను అంతసేపు పట్టుకున్నది మళ్ళీ నాకు గుర్తులేదు.

ఇల్లు చూడ్డానికి పామరాయ్ దంపతులు వచ్చారు. లోపల నీళ్ళు నింపే పరుపులమ్మే దుకాణాలు పెట్టి బాగా కలిసొచ్చినవాళ్ళు. మిస్టర్ పామరాయ్ గోడలు తట్టి చూస్తుంటే, ఆయన భార్య మాత్రం చర్చిలో నడిచినట్టు నడిచింది. పైన పెద్ద పడగ్గది తలుపు తీశాను. మధ్యలో ఓడంత మంచం, తలవైపు లేత గులాబీరంగు పట్టు అతికిన గవ్వ ఆకారం. ఆ మంచం మీద అమ్మ పడుకుని టెలిఫోన్ పట్టుకున్న ఫొటో ఒకప్పుడు దేశమంతా తిరిగింది.

"ఆవిడ ఇక్కడే పడుకునేవారా?" అంది ఆవిడ మెల్లిగా.

"ఇక్కడే."

"పోయిందీ... ఇక్కడేనా?"

"నిద్రలో. ఏ బాధా లేకుండా," అన్నాను.

గుమ్మంలో కాఫీ కప్పుతో నిలబడ్డ విన్నీ నవ్వు ఆపుకోలేక దగ్గింది.

వాళ్ళు వెళ్ళాక నేనడిగాను. "ఏంటి నీ నవ్వు? బేరం చెడిపోయేది."

"నువ్వు ఎంత బాగా చెప్పావో అని నవ్వొచ్చింది. తల్లిని మించావు. ఆ మంచం మీద మీ అమ్మ ఒక్క రాత్రి పడుకోలేదురా అబ్బాయ్. ఫొటోవాళ్ళు వచ్చినప్పుడు ఎక్కేది, వాళ్ళు వెళ్ళగానే దిగేది."

"మరి ఎక్కడ పడుకునేది?"

"రా," అంది.

వంటింటి వెనక, సరుకుల గది పక్కన పనిమనిషి కోసం కట్టిన చిన్న గది ఉంది. నేనెప్పుడూ అందులోకి వెళ్ళలేదు. అది విన్నీ గది అనుకునేవాణ్ణి. లోపల ఒక ఇనప మంచం, ఒక కుర్చీ, గోడకి మేకు, మేకుకి పాత గౌను. మంచం పొయ్యి వైపు గోడకి ఆనించి ఉంది.

"గోడమీద చెయ్యి పెట్టి చూడు," అంది విన్నీ.

పెట్టాను. పొద్దుటి వంట వేడి ఇంకా ఉంది.

"మోంటానాలో మీ అమ్మ వాళ్ళమ్మ గని కూలీలకి భోజనాల ఇల్లు నడిపేది కదా. పైగదులన్నీ అద్దెకిచ్చి, పిల్లల్ని పొయ్యి వెనకాల పడుకోబెట్టేదట. అక్కడ తప్ప దీనికి నిద్ర పట్టేది కాదు. సినిమాల్లోకొచ్చిన కొత్తలో అద్దె గదిలోనూ అంతే, పొయ్యి పక్కనే పరుపు. ఇంత ఇల్లు కట్టించి ఇక్కడికొచ్చి పడింది. నేను పైన పడమటి గదిలో దొరసానిలా పడుకునేదాన్ని."

నేను కుర్చీలో కూచున్నాను. హాస్టల్‌కి పంపకముందు నాకు పీడకలలొచ్చేవి. లేచి, నడవాలో నడిచి, పెద్ద పడగ్గది తలుపు తట్టేవాణ్ణి. తలుపు తీస్తే నలగని దుప్పటి. అమ్మ షూటింగుకో పార్టీకో వెళ్ళిందనుకుని అక్కడే తివాచీ మీద కాసేపు కూచుని, మళ్ళీ నా గదికి పోయేవాణ్ణి. ఆ మాట విన్నీకి చెప్పాను.

ఆవిడ కప్పు కింద పెట్టింది. "నాతో అనలేదేంరా?"

"ఆమె ఇంట్లో లేదనుకున్నా. ఉందా?"

"చాలామట్టుకు ఉండేది."

"నాకెందుకు చెప్పలేదు మరి?"

"చిన్నపిల్లాడివి. బళ్ళో ఎవడితోనో అంటే, వాడు వాళ్ళమ్మతో అంటే, తెల్లారేసరికి పత్రికలో పడేది. అడెలా థోర్న్ పనిదాని గదిలో పడుకుంటుందని. స్టూడియోవాళ్ళు ఊరుకుంటారా? ముందు వాళ్ళకి భయపడింది. తరవాత అదే అలవాటైపోయింది." మంచం వైపు చెయ్యి చూపించి, "పోయింది కూడా ఇక్కడే," అంది.

నేను మంచం వైపు చూశాను. నాలో ఏదో కదులుతుందని ఎదురుచూశాను. "గచ్చు కింద చెమ్మ ఉన్నట్టుంది. కొనేవాళ్ళకి చెప్పాలి," అన్నాను.

విన్నీ కింద పెట్టిన కప్పు తీసుకుని, "భోంచేశావా?" అంది.

పామరాయ్‌లు కొన్నారు. కొన్నాక తెలిసింది, ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటారని. అభిమాన సంఘం ఆడవాళ్ళు పడగొట్టొద్దని రాసిన అట్టలు పట్టుకుని గేటు ముందు నిలబడ్డారు. ఒకావిడ నా కారు అద్దం తట్టి, "కన్నకొడుకేనా నువ్వు?" అంది. కాగితాల ప్రకారం అంతేనన్నాను. కారు ముందుకి పోనిచ్చాను.

మోంటానాలో అమ్మ పుట్టిన ఊరు టాల్బట్ క్రీక్ నుంచి మిసెస్ లిండ్‌గ్రెన్ అనే ఆవిడ లారీతో వచ్చింది. అక్కడ అమ్మ పేరుతో మ్యూజియం పెడుతున్నారట. గనులు మూతపడ్డాయి, ఊళ్ళోకి జనం రావాలి. గౌన్లు, బహుమతులు, గవ్వ మంచం తీసుకెళ్తామంది. లారీవాళ్ళు మంచాన్ని విడదీస్తుంటే నాకెందుకో చెప్పాలనిపించింది.

"మీరు తీసుకెళ్ళాల్సింది ఇది కాదండీ. ఆవిడ దీనిమీద పడుకోలేదు." ఆవిణ్ణి కిందికి తీసుకెళ్ళి ఇనప మంచం చూపించాను. పొయ్యి సంగతి కూడా చెప్పాను. విన్నీ చెప్పినదంతా వరసగా, ఇంటి వివరాలు చెప్పినట్టే చెప్పాను.

మిసెస్ లిండ్‌గ్రెన్ మంచి మనిషి. అంతా విని, ఇనప కోడుని చేత్తో తడిమింది. "మా అమ్మమ్మ కూడా ఇలాంటి దానిమీదే పోయింది," అంది. "కానీ బాబూ, ఇవి మా ఊళ్ళో ఇంటికి రెండున్నాయి. దీన్ని చూడ్డానికి టిక్కెట్టు ఎవరు కొంటారు? ఇలాంటి మంచం మీదనుంచి లేచి వెళ్ళిపోయిన పిల్ల ఎక్కడికి చేరిందో చూడాలని వస్తారు."

"అక్కడికి చేరలేదుగా."

"ఆ సంగతి మా ఊరికి తెలియనక్కర్లేదు," అంది నెమ్మదిగా. గవ్వ లారీ ఎక్కింది.

ఇనప మంచం నేనుంచుకుంటానేమోనని విన్నీ అడిగింది. నా అపార్టుమెంటులో చోటు లేదన్నాను. చోటుంది. పాత సామాన్ల బండివాడు ఎత్తుకుపోయాడు.

పడగొట్టడం మొదలైన ఆదివారం నాడు విన్నీని బేకర్స్‌ఫీల్డ్‌లో వాళ్ళ మేనకోడలు రోవీనా ఇంట్లో దింపడానికి బయల్దేరాను. విన్నీ దారంతా తాళ్ళు కట్టిన సూట్‌కేసు ఒళ్ళో పెట్టుకునే కూచుంది, వెనక సీటు ఖాళీగా ఉన్నా.

"ఏడుపొచ్చిందా నీకు?" అంది కొండలు దిగుతుంటే.

"లేదు."

"నాకూ సరిగ్గా రాలేదు. నువ్వేం దిగులుపడకు. వస్తే వస్తుంది, లేకపోతే లేదు."

రోవీనా మమ్మల్ని కూచోబెట్టి, కాల్చిన కీమా ముద్ద కోసి, బంగాళాదుంపలతో పెట్టింది. తింటుండగా ఆవిడ మొగుడు టీవీ తిప్పుతూ, "ఇదిగో, మీ అమ్మగారి బొమ్మే!" అని అరిచాడు. తరవాత నావైపు చూసి సిగ్గుపడి, "తీసెయ్యమంటారా?" అన్నాడు.

"ఉండనివ్వండి," అన్నాను.

నేను అంతకుముందు చూడని సినిమా. అమ్మ ఒక డాక్టరు భార్య. కొడుక్కి జ్వరం. ఆ పిల్లవాడి మంచం పక్కన కూచుని, నుదుటిమీద తడిగుడ్డ వేస్తూ, "నేనిక్కడే ఉన్నాను నాన్నా, ఎక్కడికీ పోను," అంటోంది. గొంతు ఎంత బాగుందంటే, రోవీనా పిల్లలు కూడా అల్లరి మాని చూశారు. విన్నీ కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోయిందో లేదో తెలియదు. తెరమీద అమ్మ జుట్టు నుదుటి మీద ఒక పక్కకి పడుతోంది. ఆ జుట్టుని అలా పడేలా దువ్వింది విన్నీయే.

పిల్లవాడు బతికాడు. రోవీనా ముక్కు తుడుచుకుని, కాగితపు రుమాళ్ళ పెట్టె నావైపు జరిపింది. ఇచ్చింది కదా అని ఒకటి తీసుకున్నాను. చేతిలో పట్టుకుని సినిమా అయ్యేదాకా కూచున్నాను. పేర్లన్నీ పడ్డాక దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, భోజనం బాగుందని చెప్పి లేచాను. విన్నీ గుమ్మందాకా వచ్చింది.

"మళ్ళీ ఆదివారం వస్తావా?" అంది.

ఎందుకు రావాలో నాకు తోచలేదు. "వస్తాను," అన్నాను. ఆ ఆదివారం వెళ్ళాను కూడా.