ఆరని పిడికిలి

తొంభై ఎనిమిదిలో ఇంటర్ చదవడానికి భీమిలి పక్క మా ఊరి నుంచి గాజువాక వచ్చి చిన్నాన్న ఇంట్లో ఉన్నాను. కాలేజీలో నాతో ఎవరూ మాట్లాడేవారు కాదు. నేనూ మాట్లాడేదాన్ని కాదు. ఇంటికి రాగానే పెరటి రేకుల షెడ్డులోకి వెళ్ళిపోయేదాన్ని.

చిన్నాన్న పైడయ్య స్టీలు ప్లాంటులో ఫిట్టరు. డ్యూటీ లేనప్పుడు ఆ షెడ్డులో జేబులో పట్టే మడత కత్తులు చేసేవాడు. విరిగిన రంపం బ్లేడుని చూపుడు వేలంత అరగదీసి చెక్క పిడి బిగించేవాడు. అమ్మడానికి కాదు, సరదా. తాడు కోసుకోవడానికో, మామిడికాయ కోసుకోవడానికో అడిగినవాళ్ళకి ఇచ్చేవాడు. తెరిచినప్పుడు టక్‌మని ఒకటే చప్పుడు రావాలి. చప్పుడు నచ్చకపోతే మళ్ళీ మొత్తం విప్పేసేవాడు. పూర్తయిన కత్తిని ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. మా ఇళ్ళల్లో కత్తి, ఉప్పు చేతికివ్వరు. కింద పెట్టి వెనక్కి జరిగితే, వాళ్ళే వంగి తీసుకోవాలి.

పిడి కొలతకి ఆయన పద్ధతి ఒకటుండేది. బంకమట్టి ముద్ద ఇచ్చి గట్టిగా పిడికిలి బిగించమనేవాడు. వేళ్ళ అచ్చు పడిన ముద్దని పేరు రాసిన చీటీ మీద అరలో పెట్టేవాడు. రేకుల వేడికి రెండు రోజుల్లో రాయయిపోయేది. దాన్ని చూసుకుంటూ పిడి అరగదీయడం నాకూ నేర్పాడు. "గుంటకి మాటలు రావు గానీ ఆకురాయి బాగానే వచ్చిందే" అని పిన్నితో అనేవాడు. కత్తి పూర్తవకముందే ఆ మనిషి చనిపోతే ముద్దని నానబెట్టి జామచెట్టు మొదట్లో పోసేవాడు. పోయినవాళ్ళకి కత్తి చెయ్యకూడదని ఆయన నియమం.

ఆ కార్తీకంలో మా పెదనాన్న కొడుకు అప్పలరాజన్న భీమిలి నుంచి వచ్చాడు. విరిగిన తెడ్డు ముక్క ఒకటి తెచ్చాడు.

"పిడికి ఇదెయ్యి సినాన్నా. నా సెయ్యి దీనికి అలవాటు."

మట్టి ముద్ద పిసుకుతూ నవ్వాడు. "ఏటిది, గాజుల కొలతలాగ? మా దేవి సూత్తే నవ్వుద్ది."

"నీ సేతికి గాజులే నయంరా, కత్తెందుకు" అన్నాడు చిన్నాన్న.

మర్నాడు అన్న సముద్రం మీద వేటకెళ్ళాడు. ఆ సాయంత్రమే వాయుగుండం. నాలుగో రోజున పడవ బోర్లాపడి దొరికింది. మనిషి దొరకలేదు.

వారం పోయాక దేవి వదిన వచ్చింది. ముసురుకి ఆ ముద్ద ఇంకా పచ్చిగానే ఉంది. వదిన వేళ్ళ అచ్చుల్లో తన వేళ్ళు పెట్టి చూసింది.

"ఇంకా ఆరనేదు మావయ్యా. మనిసి ఉన్నాడు."

చిన్నాన్న దాన్ని నానబెట్టకుండా మళ్ళీ అరలోనే పెట్టేశాడు. వచ్చే గురువారం మళ్ళీ వస్తానని చెప్పి వదిన బస్సెక్కింది. మర్నాడు ఎండ కాసింది. ముద్ద అంచులు తెల్లబడడం చూశాను. నాకు చాలా భయమేసింది. చెంబులో వేళ్ళు ముంచి దాని మీద చిలకరించాను.

తర్వాత రోజూ కాలేజీకి వెళ్ళేముందు అదే పని. వదిన ప్రతి గురువారం వచ్చి, ముట్టుకుని చూసి, మొహం తేటపడి వెళ్ళేది. నేను ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాయలేదు.

నెల దాటాక అమ్మకి జ్వరమని ఊరెళ్ళాను. చిన్నాన్నకి వరస డ్యూటీలు. షెడ్డు తాళం చెవి నా మెళ్ళో తాడుకే ఉండిపోయింది. నాలుగు రోజులకి తిరిగొచ్చి మిట్టమధ్యాహ్నం తలుపు తీశాను. లోపల నిప్పుల కొలిమిలా ఉంది. అన్ని ముద్దలూ ఎండి, ప్లాంటు నల్లదుమ్ము పట్టి ఉన్నాయి. అప్పలరాజన్న ముద్ద మాత్రం తడిగా మెరుస్తోంది. కింద చీటీ తడిసి పేరు అలుక్కుపోయింది. వేళ్ళ అచ్చులు నేను చూసినదానికంటే లోతుగా ఉన్నాయి.

ముట్టుకుని చెయ్యి పావడాకి తుడుచుకున్నాను. ఆ సాయంత్రం డైరీలో పేజీ తిప్పడానికి వేలు నాలిక్కి ఆనించాను. ఉప్పగా ఉంది.

గురువారం వదిన వచ్చేసరికి ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను.

"ఆదివారం కర్మ సేసేద్దామంతన్నారు పెద్దోల్లు. గాజులు తీసీమంతన్నారు" అంది. "నాను ఒప్పుకోను. ఆల్లందరినీ ఇక్కడికి లాక్కొచ్చి దీన్ని సూపిత్తాను."

అంతమంది ముందు ఈ అబద్ధం బయటపడితే వదిన తలెత్తుకోలేదు.

"వదినా... తడిపింది నేనే."

వదిన నా జబ్బ పట్టుకుని కుదిపేసింది. "నాతో ఆటలాడినావేటే? ఇన్ని వారాలూ ఆటలాడినావా?"

"మొదట్లో నేనే. ఊరెళ్ళాక నేను కాదు. తాళం చెవి నా దగ్గరే ఉంది. వచ్చాక ఒక్క చుక్క కూడా పొయ్యలేదు. చూడు."

వదిన నన్ను వదిలేసి ముద్ద చేతిలోకి తీసుకుంది. తడి ఆమె మణికట్టు మీదికి జారి గాజుల దగ్గర ఆగింది. ఆ తడిని నాకి చూసింది.

"ఇవి కుళాయి నీల్లు కావు" అంది. గొంతులో కోపం లేదు. "మీ అన్న సముద్రంలోనే ఉన్నాడే. కత్తి అడుగుతన్నాడు. సగంలో ఒగ్గేత్తే అడగతానే ఉంటాడు."

చిన్నాన్న డ్యూటీ నుంచి వచ్చాక అంతా చెప్పాను. "సచ్చినోడికి నాను సెయ్యను" అని షెడ్డు గడప కూడా దాటలేదు. అప్పలరాజన్న వచ్చిన రోజే బ్లేడు సానబెట్టి ఉంచాడు. తెడ్డు ముక్కతో పిడి నేనే చేశాను. రెండు రోజులు, పగటి వెలుగులోనే. ఆకురాయితో ఎంత రాసినా ఆ చెక్క పొడి రాల్చలేదు. తడి పిండిలాగ నా వేళ్ళకి అంటుకునేది. శనివారం బిగించి తెరిచి చూశాను. టక్‌మంది. గుమ్మం అవతల నుంచి చిన్నాన్న, "బాగుంది" అన్నాడు.

ఆదివారం కర్మకి పెద్దలు రాకముందే వదినా నేనూ భీమిలి ఒడ్డుకి వెళ్ళాం. ఎండగా ఉంది. దూరంగా వలలు ఆరేసుకుంటున్నారు. మడిచిన కత్తిని వదిన నీళ్ళలోకి విసరబోయింది.

"చేతికివ్వకూడదు వదినా. విసరకూడదు కూడా. కింద పెట్టు."

వదిన తడి ఇసక మీద కత్తి పెట్టింది. ఇద్దరం వెనక్కి జరిగాం. రెండు అలలు దాన్ని దాటి వచ్చి వెళ్ళాయి. కత్తి కదల్లేదు. మూడోది చిన్న అల, చప్పుడు లేకుండా వచ్చింది. అది వెనక్కి పోయేసరికి ఇసక మీద కత్తి లేదు.

అప్పుడు నీళ్ళ లోపల్నుంచి టక్‌మని ఒకటే చప్పుడు.

వదిన నా వైపు చూడలేదు. "బాగా సేసినావే" అంది. గాజులు ఒక్కొక్కటే తనే తీసి, అదే చోట ఇసక మీద పెట్టి, ఇంటి వైపు నడిచింది.

సాయంత్రం గాజువాక చేరి షెడ్డు తెరిచాను. ముద్ద పెంకులా ఎండి బీటలు తీసి ఉంది. వేళ్ళ అచ్చులు ఒక్కటి కూడా లేవు.